అలలు లెక్కపెట్టిన లెక్కల ఆఫీసరు

ఫిబ్రవరి 28 వచ్చిందంటే ఉదయం ప్రార్థనలో సర్ సి.వి. రామన్ గారి పేరు వినిపిస్తుంది. నోబెల్ బహుమతి అందుకున్నారని, భారతరత్న అని, ఆ రోజు జాతీయ విజ్ఞాన దినోత్సవమని నాలుగు వాక్యాలు చదివి వేదిక దిగిపోతాం. ఆ నాలుగు వాక్యాల్లో ఇమడని సంగతి ఒకటుంది. ఆయన కూడా మీ అమ్మానాన్నల్లాగే బదిలీల ఉద్యోగి. 1907 నుంచి 1917 వరకు పదేళ్ళపాటు భారత ప్రభుత్వ ఆర్థిక శాఖలో లెక్కలు చూశారు. ఆర్డరు వచ్చినప్పుడల్లా సామాను సర్దుకుని ఊరు మారారు. తరంగాల మీద ఆయన పని మొదలై, పేరు తెచ్చుకున్నది ఆ పదేళ్ళలోనే, ఆఫీసు వేళకు ముందూ వెనకా.

మన పాత కథల్లో ఒక లంచగొండి ఉద్యోగిని రాజుగారు సముద్రం ఒడ్డున అలలు లెక్కపెట్టమని పంపిస్తారు. ఎందుకూ కొరగాని పని అని రాజుగారి ఉద్దేశం. రామన్ గారు ఎవరూ పంపకుండానే ఆ పని పెట్టుకున్నారు. నీటి అలలు కాదు, తీగ మీద అలలు, తోలు మీద అలలు, చివరికి వెలుగు అలలు.

ఆయన 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారు, తల్లి పార్వతి అమ్మాళ్. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది. నాలుగేళ్ళ పిల్లవాడు తెలుగు ఊరికి వచ్చాడు. ఇంట్లో తమిళం, బయట ఊరంతా తెలుగు. పుదుచ్చేరిలో ఉన్న మీకు ఇది తలకిందులుగా తెలుసు: ఇంట్లో తెలుగు, గేటు దాటితే తమిళం. విశాఖలో సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ దాటారు. తండ్రి పనిచేసే కళాశాలలోనే ఎఫ్.ఏ. చదివారు. తండ్రిగారు వయొలిన్ బాగా వాయించేవారు. ఇంట్లో భౌతికశాస్త్రం పుస్తకాలూ ఉండేవి, వయొలినూ ఉండేది. ఊరికి ఒక పక్కంతా సముద్రం. ఈ మూడూ ఆ పిల్లవాడి వెంట జీవితాంతం వచ్చాయి.

విశాఖ సముద్రమూ మన బీచ్ రోడ్డు ముందున్న సముద్రమూ ఒకటే, బంగాళాఖాతం. కాబట్టి ముందుకు వెళ్ళేముందు ఒక చిన్న లెక్క మన ఒడ్డు మీదే చేసుకుందాం. రామన్ గారి పనంతా ఆ లెక్క మీదే నిలబడి ఉంది.

సాయంత్రం గాంధీ విగ్రహం దగ్గర నాన్నతో కలిసి నడుస్తున్నారనుకోండి. నాన్న అడుగు 75 సెంటీమీటర్లు, నిమిషానికి 80 అడుగులు. మీ అడుగు 50 సెంటీమీటర్లే. పక్కపక్కనే నడవాలంటే మీరు నిమిషానికి 120 అడుగులు వేయాలి. ఇద్దరూ నిమిషంలో వెళ్ళేది 60 మీటర్లే. అడుగు పొడవును అడుగుల లెక్కతో గుణిస్తే వేగం వస్తుంది. అలకు కూడా అంతే. ఒక అల శిఖరం నుంచి తరువాతి అల శిఖరం వరకు ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. సెకనుకు ఎన్ని అలలు మనల్ని దాటి వెళ్తాయో ఆ లెక్క పౌనఃపున్యం. మీ సైన్సు క్లాసులో దాన్నే ఫ్రీక్వెన్సీ అంటారు, హెర్ట్జ్‌లలో కొలుస్తారు. ఈ రెంటినీ గుణిస్తే తరంగ వేగం. తొమ్మిదో తరగతి పుస్తకంలో ధ్వని పాఠంలో ఉన్న సూత్రం ఇదే.

సూత్రం బట్టీపట్టడం తేలిక. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు మారుతుంది, ఏది మారదు అన్నదే అసలు ప్రశ్న. దానికి బీచ్ రోడ్డు మీది నల్లరాళ్ళ మీద కూర్చుంటే చాలు. లోతైన చోట 8 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలల మధ్య దూరం దాదాపు 100 మీటర్లు, వేగం సెకనుకు పన్నెండున్నర మీటర్లు. అవే అలలు ఒడ్డు దగ్గర రెండు మీటర్ల లోతుకు వచ్చేసరికి వేగం సెకనుకు నాలుగున్నర మీటర్ల లోపుకు పడిపోతుంది. వెనక అల ముందు అలను తరుముకొచ్చినట్టు దగ్గరపడుతుంది, ఎడం 35 మీటర్లకు తగ్గుతుంది. మరి ఒడ్డును తాకేది ఎన్ని సెకన్లకు ఒకటి? అదే 8 సెకన్లకు. అక్కడ బయలుదేరినన్ని అలలూ ఇక్కడికి రావాల్సిందే, దారిలో పోగయ్యేవీ లేవు, కొత్తగా పుట్టేవీ లేవు. చోటు మారితే వేగం మారుతుంది, పొడవు మారుతుంది. లెక్క మారదు. ఆ లెక్కను నిర్ణయించేది అలను పుట్టించినది, అది ప్రయాణం చేసే చోటు కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, 1928 దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

విశాఖ నుంచి రామన్ గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్ళారు. 1904లో బి.ఏ.లో మొదటి స్థానం. 1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆయన మొదటి పరిశోధన వ్యాసం లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అది కాంతి తరంగాలు సన్నని సందులోంచి వచ్చేటప్పుడు ఎలా వంగుతాయన్న దాని గురించి. అంత తెలివైన పిల్లవాణ్ణి ఇంగ్లండుకు పంపుతారని అందరూ అనుకున్నారు. వైద్యపరీక్ష చేసిన డాక్టరు ఆ చలికి ఈ శరీరం తట్టుకోదని తేల్చేశారు. దాంతో ఆర్థిక శాఖ పరీక్ష రాశారు, మొదటి ర్యాంకు వచ్చింది. 1907లో ఎం.ఏ. పూర్తయింది, అదే ఏడు మే నెలలో లోకసుందరి అమ్మాళ్‌తో పెళ్ళయింది. ఆమె వీణ వాయించేవారు. ఆయన ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమె త్యాగరాజ కృతి ఒకటి వాయిస్తున్నారని చెబుతారు. తెలుగు మాటలు ఆయన పెళ్ళిలోకీ అలా వచ్చాయన్నమాట.

కొత్త దంపతులు కలకత్తా చేరారు. ఆయన అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్. పంతొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఆఫీసుకు ట్రాములో వెళ్తూ ఒకరోజు 210, బౌబజారు వీధిలో ఒక బోర్డు చూశారు. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్. 1876లో మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు పెట్టిన సంస్థ అది. పరికరాలున్నాయి, గదులున్నాయి, వాటితో పనిచేసేవాళ్ళే దాదాపు లేరు. తలుపు తీసిన ఆశుతోష్ డే ఆ తరువాత పాతికేళ్ళు రామన్ గారి దగ్గర సహాయకుడిగా ఉండిపోయారు. ఉదయం ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు అయ్యాక, సెలవు రోజుల్లో పూర్తిగా ఆయన అక్కడే.

మొదట పట్టుకున్నది తీగ. మెల్డీ ప్రయోగం అని ఒకటుంది. శ్రుతిదండం కొనకు దారం కట్టి, రెండో కొనను కప్పీ మీదుగా దించి బరువు వేలాడదీస్తారు. దండం కంపిస్తే దారం బుడగలు బుడగలుగా విడిపోయి నిలబడి ఊగుతుంది. దండం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది మారదు. బరువు పెంచితే దారం బిగుస్తుంది, దాని మీద అల వేగం పెరుగుతుంది, కాబట్టి తరంగదైర్ఘ్యం పెరుగుతుంది, బుడగల సంఖ్య తగ్గుతుంది. మన బీచ్ లెక్కే ఇది, బల్ల మీదకు వచ్చింది. ఇంత పాత ప్రయోగంలో ఎవరూ చూడని కదలికలు రామన్ గారు చూసి వ్యాసాలు రాశారు. ఏక్‌తారా అనే ఒంటితీగ వాద్యం మీద కూడా రాశారు. దొరల వాద్యాల మీదే శాస్త్రం ఉంటుందని అనుకునే కాలంలో, వీధిలో పాడుకుంటూ పోయే సాధువు చేతిలో ఉన్న తీగ మీద శాస్త్ర వ్యాసం రాయాలనిపించడం మాకు ఎంతో నచ్చిన విషయం.

1909లో బదిలీ వచ్చింది. రంగూన్. ఇప్పటి మయన్మార్‌లోని యాంగోన్. ఓడలో వెళ్ళాలి. అక్కడ కరెన్సీ ఆఫీసరు పని. ప్రయోగశాల కలకత్తాలో ఉండిపోయింది. కొద్ది నెలలకే తండ్రి జబ్బుపడి పోయారు. మద్రాసుకు వచ్చి కర్మకాండలు జరిపి, సెలవులో ఉన్న ఆ రోజుల్లో ప్రెసిడెన్సీ కళాశాల ప్రయోగశాలలో పనిచేశారు. మళ్ళీ రంగూన్. 1910లో నాగపూర్. ఏడాది గడవకముందే 1911లో తిరిగి కలకత్తా. మూడేళ్ళలో ఇన్ని ఊళ్ళు! మీలో ఏడో తరగతికే నాలుగో స్కూలు చూసినవాళ్ళున్నారు, మేమూ ఎన్నో ఊళ్ళ తరువాత ఈ ఊరు చేరాం. సామాను విప్పేలోపే మళ్ళీ కట్టడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కట్టడం విప్పడం ఇంట్లో ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో కూడా మనకు తెలుసు. లోకసుందరి గారి పేరు పాఠ్యపుస్తకంలో ఉండదు, అంతే. ఏ ఊళ్ళో ఉన్నా రామన్ గారు ఇంట్లోనే ఒక గదిని ప్రయోగాలకు కేటాయించుకున్నారు. తీగ, శ్రుతిదండం, కాసిన్ని బరువులు. ఇవి పెట్టెలో పట్టే పరికరాలు.

కలకత్తాకు తిరిగి వచ్చాక అసోసియేషన్ పక్క ఇల్లే అద్దెకు తీసుకున్నారు. ఇంట్లోంచి నేరుగా ప్రయోగశాలలోకి ఒక తలుపు పెట్టించుకున్నారు. ఇక ట్రాము కూడా అక్కర్లేదు.

అప్పుడు వచ్చింది అసలు పరీక్ష. కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ ఆశుతోష్ ముఖర్జీ గారు ఆయనకు భౌతికశాస్త్రంలో పాలిత్ ఆచార్య పదవి ఇస్తామన్నారు. జీతం ఆయన అప్పుడు తీసుకుంటున్న దాంట్లో దాదాపు సగం. ఆ పదవికి విదేశాల్లో శిక్షణ పొంది ఉండాలన్న నిబంధన కూడా ఉంది. తాను ఇక్కడే నేర్చుకున్నానని, ఆ షరతు కోసం ఓడ ఎక్కనని రామన్ గారు పట్టుబట్టారు. నిబంధనే సడలింది. 1917లో ఉద్యోగం వదిలేశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, పైగా ఆ శాఖలో పెద్ద మెట్టు మీద ఉన్నవాడు వదులుకోవడమేమిటని ఆ రోజుల్లో ఎంతమంది నోరెళ్ళబెట్టి ఉంటారో! జీతం పడే తారీఖును బట్టి నెల గడిచే ఇళ్ళలో పెరుగుతున్న మీకు ఆ నిర్ణయం ఎంత బరువైనదో తెలుస్తుంది.

వాద్యాల పని ఆగలేదు. వయొలిన్ కమాను తీగ మీద ఎలా పట్టి వదులుతుందో లెక్కగట్టి 1918లో పెద్ద గ్రంథమే ప్రచురించారు. మాకు అంతకంటే ఇష్టమైనది మృదంగం సంగతి. మామూలు డోలు తోలును కొడితే చాలా రకాల కంపనాలు ఒకేసారి పుడతాయి. అడుగున ఉన్న స్వరం పౌనఃపున్యం 1 అనుకుంటే పైవి 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా ఉంటాయి. అందుకే డోలు చప్పుడు చేస్తుంది కాని పాడదు. తీగ అలా కాదు, దాని పై స్వరాలు సరిగ్గా 2, 3, 4, 5 రెట్లు. మృదంగం కుడి ముఖం మీద నడుమ నల్లగా గుండ్రంగా ఒక పూత ఉంటుంది, చూశారా? ఆ పూత బరువు వల్ల తోలు కంపనాలు తీగ వాటిలాగా 1, 2, 3, 4, 5 వరసలోకి వచ్చి కూర్చుంటాయని రామన్ గారు తేల్చారు. తోలు మీద ఇసుక చల్లి, ఎక్కడ ఇసుక నిలుస్తుందో చూసి ఆ ఆకారాలు పట్టుకున్నారు. 1920లో నేచర్ పత్రికలో అది వచ్చింది. ఆ పూతను తరతరాలుగా పొరమీద పొర వేసి, చెవితో సరిచూసుకుంటూ వచ్చిన వాద్యకారుల చేతి పనితనం ఆ లెక్కలో బయటపడింది.

1921లో ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల సభకు ఆయన మొదటిసారి ఇంగ్లండు వెళ్ళారు. లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి గోపురం కింద ఒకచోట గుసగుసలాడితే ఎదుటి గోడ దగ్గర వినిపిస్తుంది. అందరూ విని ఆశ్చర్యపడి వస్తారు. ఈయన కొలతలు తీసుకున్నారు. తిరిగివచ్చాక బీజాపూర్ గోల్ గుంబజ్‌లోనూ ఆ పనే చేశారు.

తిరుగు ప్రయాణం నార్కుండా అనే ఓడలో. మధ్యధరా సముద్రం చిక్కటి నీలం. ఆకాశం నీలం నీటి మీద పడి అలా కనిపిస్తుందని అప్పటికి పెద్ద శాస్త్రవేత్త రేలీ మాట. రామన్ గారి దగ్గర నికాల్ పట్టకం అనే చిన్న పరికరం ఉంది. నీటి పైభాగం నుంచి తిరిగివచ్చే వెలుగును అది ఆపేస్తుంది. దానిలోంచి చూస్తే సముద్రం నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. అంటే ఆ నీలం నీటి లోపలి నుంచే వస్తోంది, నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయి. ఓడ బొంబాయి చేరేసరికి నేచర్ పత్రికకు ఉత్తరం సిద్ధమైపోయింది.

ఇక్కడ మన బీచ్ లెక్కను మళ్ళీ తీయాలి. వెలుగూ తరంగమే. గాలిలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. నారింజ రంగు వెలుగు తరంగదైర్ఘ్యం 600 నానోమీటర్లు అనుకుంటే, అది సెకనుకు 5 కోట్ల కోట్ల సార్లు కంపిస్తుంది. నీళ్ళలోకి వెళ్ళగానే వేగం 2 లక్షల 25 వేల కిలోమీటర్లకు తగ్గుతుంది, తరంగదైర్ఘ్యం 450కి తగ్గుతుంది. గాలిలో 450 అంటే నీలం. మరి నీళ్ళలో మునిగి చూస్తే నారింజ దీపం నీలంగా కనిపిస్తుందా? కనిపించదు. కంపనాల లెక్క మారలేదు, మన కన్ను రంగును పోల్చుకునేది ఆ లెక్కతోనే. నీళ్ళలోనైనా గాజులోనైనా నారింజ నారింజే.

నీరు వెలుగును చెదరగొట్టినా ఆ లెక్క మారదనే అందరూ అనుకున్నారు. రామన్ గారి బృందానికి మాత్రం 1923 నుంచీ ఒక అనుమానం. రామనాథన్ అనే శిష్యుడు చూసినప్పుడు చెదరిన వెలుగులో రావలసిన రంగుతో పాటు మరో రంగు కాస్త కనిపించింది. నీళ్ళలో ఏదో మలినం ఉందనుకుని మళ్ళీ మళ్ళీ శుద్ధి చేశారు. పోలేదు. 1928 ఆరంభంలో కె.ఎస్. కృష్ణన్ గారు రాత్రింబవళ్ళు కూర్చుని ద్రవం తరువాత ద్రవం పరీక్షించారు. ఫిబ్రవరి 28న పాదరస దీపం వెలుగుతో చూసినప్పుడు సందేహం తీరిపోయింది. పాదరస దీపంలో 435.8 నానోమీటర్ల దగ్గర ఒక గీత ఉంటుంది. ఆ వెలుగును బెంజీన్ గుండా పంపితే చెదరిన వెలుగులో దాదాపు 455.5 దగ్గర ఒక కొత్త గీత కనిపిస్తుంది. ఇది నీళ్ళలో పొడవు తగ్గి, బయటికి వచ్చాక మళ్ళీ మామూలైపోయే మార్పు కాదు. వెలుగు మళ్ళీ గాలిలోకి వచ్చాక కూడా అలాగే ఉంది. కంపనాల లెక్కే తగ్గింది.

ఆ తగ్గినది ఎక్కడికి పోయింది? బెంజీన్ అణువులోకి. అణువు కూడా ఒక వాద్యమే. బెంజీన్ అణువు సెకనుకు దాదాపు 30 లక్షల కోట్ల సార్లు ఊగే ఒక కంపనం ఉంది. వెలుగు తన శక్తిలో కాస్త ఇచ్చి ఆ కంపనాన్ని మీటి, ఆ మేరకు తన పౌనఃపున్యం తగ్గించుకుని బయటికి వస్తుంది. ఎంత తగ్గిందో కొలిస్తే లోపల ఏ అణువు ఉందో చెప్పవచ్చు. ఇరవై ఏళ్ళు తీగలూ తోళ్ళూ ఏ స్వరం పలుకుతాయో లెక్కగట్టిన మనిషికి అణువు స్వరం వినిపించడం వింతేమీ కాదని మా అభిప్రాయం. పరికరాలకు అయిన ఖర్చు కొన్ని వందల రూపాయలే అంటారు. 1930లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కృష్ణన్ గారి పేరు మన నాలుగు వాక్యాల్లో ఎందుకు ఉండదో మాకు అర్థం కాదు. ఈసారి చేర్చి చదవండి.

ఆ రోజుల్లోనే కృష్ణా జిల్లా ఆగిరిపల్లి కుర్రవాడు సూరి భగవంతం హైదరాబాద్ నిజాం కళాశాలలో చదువు ముగించుకుని, రామన్ గారి పేరు విని కలకత్తా వెళ్ళి ఆయన దగ్గర చేరాడు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, రామన్ గారు పెరిగిన విశాఖలోనే ఆయన శాస్త్రాన్ని బోధించారు.

1933లో రామన్ గారు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్ళారు. అక్కడ అన్నీ సవ్యంగా జరగలేదు. ముక్కుసూటి మనిషి, కోపం ఎక్కువ, నాలుగేళ్ళకే ఆ పదవి వదులుకోవలసి వచ్చింది. ఆడపిల్ల అన్న కారణంతో కమలా భాగవత్‌ను చేర్చుకోనన్నది కూడా ఆ కాలంలోనే. ఆమె వెనక్కి తగ్గలేదు. షరతులతో ప్రవేశం సంపాదించుకుని, బాగా పనిచేసి చూపించింది. తరువాత కమలా సోహొనీగా జీవరసాయన శాస్త్రంలో పేరు తెచ్చుకుంది. ఆమె తరువాత అన్నా మణి వంటివారు రామన్ గారి దగ్గరే పరిశోధన చేశారు. పెద్దవాళ్ళ జీవితాలు చెప్పేటప్పుడు ఇలాంటివి దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు.

అక్కడే నాగేంద్రనాథ్‌తో కలిసి ధ్వని తరంగాలు పరుగెత్తే ద్రవంలోంచి వెలుగును పంపితే అది ఎలా చీలుతుందో లెక్కగట్టారు. చిన్నప్పటి వయొలినూ తరువాతి వెలుగూ ఒకే గాజు తొట్టెలో కలిశాయి. 1948లో సొంతగా రామన్ పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. 1954లో భారతరత్న. చుట్టూ చెట్లు, గులాబీలు పెంచారు. వజ్రాలు, సీతాకోకచిలుకల రెక్కలు, పువ్వుల రంగులు, ఏది దొరికితే దాని వెలుగు చూశారు. ఇక బదిలీలు లేవు.

ఏటా అక్టోబరు 2న ఆయన గాంధీజీ జ్ఞాపకార్థం ఒక ప్రసంగం ఇచ్చేవారు. 1970లో ఇచ్చినది చివరిది. దాని విషయం మన చెవి: గాలిలో వచ్చిన అలల లెక్క లోపలి చెవిలో స్వరంగా ఎలా మారుతుంది అన్నది. అప్పటికి ఆయనకు 82 ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. అదే ఏడు నవంబరు 21 ఉదయం కన్నుమూశారు. ఆయన కోరినట్టే ఏ తంతులూ లేకుండా సంస్థ తోటలోనే దహనం చేశారు. ఆ చోట స్మారకం కట్టలేదు, ఒక చెట్టు నాటారు.